బోటికి గ్రీకు పేరు

ఐరిస్ టవర్స్ ఫుడ్ కోర్టు ఆఫీసు,
హైటెక్ సిటీ, 8-2-2011

శ్రీమతి బుచ్చమ్మ గారికి,

నమస్కారమండి. క్రిందటి నోటీసు ఇంగ్లీషులో ఉందని మీరు దాని మీద వేడి గిన్నె దించుకున్నారట. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. తెనాలిలో పుట్టి పెరిగినవాణ్ణి, తెలుగు రాయడమంటే నాకు ఇష్టమే. కానీ ఇలాంటి విషయం మీద రాయాల్సి వస్తుందనుకోలేదు.

మీ నాలుగో కౌంటరులో వండే బోటి కూర వాసన లిఫ్టు పట్టుకుని తొమ్మిదో అంతస్తు దాకా వెళ్తోందని ఫిర్యాదులు వచ్చాయి. అక్కడ అమెరికా వాళ్ళతో వీడియో మీటింగులు జరుగుతాయి. వాసన తెరలోంచి అటు వెళ్ళదు కదండీ అని చెప్పి చూశాను. "వాసన వెళ్ళదు, మా మొహాలు వెళ్తున్నాయి" అన్నారు. ఇది అంతర్జాతీయ స్థాయి ఫుడ్ కోర్టు. గొర్రె పేగులు వండటం ఒక ఎత్తు, బోర్డు మీద సుద్దముక్కతో ఇంతెత్తు అక్షరాలతో "బోటి" అని రాయడం ఒక ఎత్తు. ఈ నెలాఖరులోగా రెండూ తీసేయకపోతే కౌంటరు రద్దవుతుందని రాయమన్నారు.

మనసులో పెట్టుకోకండి.
సీతారామాంజనేయులు, మేనేజరు

తా.క. నేను శాకాహారిని. రుచి గురించి నేనేమీ అనడం లేదు. వాసన గురించి కూడా ముక్కు మూసుకునే రాస్తున్నాను.

&nbsp;

నాలుగో కౌంటరు, 10-2-2011

మేనేజరు సారుకు,

పుప్పాలగూడ బుచ్చమ్మ దండాలు. నేను పదో తరగతి దాకా చదివాను సార్. మాట్లాడేది ఎట్లున్నా ఉత్తరం మాత్రం పుస్తకంలో ఉన్నట్టు రాయాలని మా పంతులు కొట్టి మరీ నేర్పాడు. అందుకే మీకు అర్థమయ్యేటట్టు రాస్తున్నాను.

మా ఆయన మల్లయ్య గొర్రెలు కాసేవాడు. గొర్రెలు మేసిన చోటల్లా ఇప్పుడు అపార్టుమెంట్లు మొలిచాయి. మిగిలింది నాకు ఈ కౌంటరు, నా చేతికి ఈ కూర. పేగును తిరగేసి, ఉడుకు నీళ్ళతో, సున్నంతో, పసుపుతో మా ఆయన కడిగినంత శుభ్రంగా మీ తొమ్మిదో అంతస్తు అద్దాలు కూడా కడగరు. ఇక్కడ ప్రతి గోడకూ, ప్రతి గేటుకూ ఒక పేరుంది. ఒక్కటీ నాకు నోరు తిరగదు. నోరు తిరిగే పేరు ఒక్కటైనా ఉండనిమ్మని రాసుకున్నాను. అది కూడా కంట్లో నలుసైందా?

తీసేయమంటే తీసేస్తాను. కౌంటరు పోతే తినేదేమిటి? రేపటి నుంచి కోడికూర పెడతాను. కానీ నాకు కడుపు మండింది, ఆ మాట కూడా రాసిపెట్టుకోండి.

ఇట్లు, సుద్దముక్క పక్కన పడేసిన
బుచ్చమ్మ

తా.క. ఫిర్యాదు చేసిన వాళ్ళలో నీలం చొక్కా సారు ఉన్నాడు కదా? ఆయన రోజూ గోడ వైపు తిరిగి కూర్చుని బోటి తింటాడు. ముద్దకు ముద్దకు మధ్య అటూ ఇటూ చూస్తాడు. రేపటి నుంచి ఏం తింటాడో పాపం.

&nbsp;

ఫుడ్ కోర్టు ఆఫీసు, 5-4-2011

బుచ్చమ్మ గారికి,

నమస్కారమండి. బోటి తీసేసినందుకు పైవాళ్ళు సంతోషించారు. నీలం చొక్కా ఆయన మాత్రం చిక్కిపోయాడు.

అసలు విషయం వేరే. ఆరో అంతస్తు కంపెనీకి గ్రీసు దేశపు ఓడల కంపెనీ పని ఇచ్చింది. ఆ దేశం నుంచి పెద్దవాళ్ళు ఈస్టరు నాటికి వస్తున్నారు. వాళ్ళ గౌరవార్థం ఏప్రిల్ పద్దెనిమిది నుంచి గ్రీకు భోజన వారోత్సవం. ప్రతి కౌంటరూ ఒక సంప్రదాయ గ్రీకు వంటకం చేయాలి. పెరుగు పచ్చడి, ఆకుల్లో చుట్టిన అన్నం, వంకాయ మాంసం అన్నీ మిగతావాళ్ళు తీసేసుకున్నారు. మిగిలింది ఒక్కటే, "మాగిరిత్స". ఈస్టరు ముందు గ్రీకులు నలభై రోజులు పైగా మాంసం, పాలు, గుడ్లు ముట్టరట. పండగ ఘడియ రాగానే గుడినుంచి వచ్చి ఈ చారుతో ఉపవాసం విడుస్తారట. ఇందులో గొర్రె పేగులు, కార్జం, ఊపిరితిత్తులు, నిమ్మరసం, గుడ్డు, డిల్ అనే విదేశీ ఆకు వేస్తారు. స్టార్ హోటల్ నుంచి వచ్చిన ఒకటో కౌంటరు చెఫ్ ఇది చదివి చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ సరుకుతో మీకు పరిచయం ఉంది కాబట్టి మీకే ఇస్తున్నాం.

బోర్డు మీద "మాగిరిత్స" అని అచ్చు వేయించి ఇస్తాం. సుద్దముక్క వాడకండి.

శుభం కోరుతూ,
సీతారామాంజనేయులు

తా.క. ఈసారి వాసన గురించి ఫికరు వద్దు. వాసన ఎలా ఉన్నా అది గ్రీకు వాసన అని తొమ్మిదో అంతస్తుకు ముందే చెప్పి ఉంచాను.

&nbsp;

నాలుగో కౌంటరు, 7-4-2011

మేనేజరు సారుకు,

దండాలు. మీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. "గిదేందే, మన బోటికి కొత్తగ పేరు వెట్టిన్రా? బారసాలకు పిలువనే లేదు!" అన్నాడు.

సార్, ఇది బోటే. మీ విదేశీ ఆకు మా సోయకూర. మెహదీపట్నం రైతుబజారులో కట్టలు కట్టలు దొరుకుతుంది. నిమ్మరసంలో గుడ్డు గిలక్కొట్టి మరిగే చారులో పోస్తే మాత్రం నాకు మొదటిసారి విరిగి ముక్కలైంది. రెండోసారి గట్టిపడి పలక అయింది. ఆ రెండు కుండలూ మా ఆయన ఊదేశాడు. మూడోసారి గుడ్డు మానేసి కారం వేశాను. గ్రీకువాళ్ళు ఏడిస్తే ఏడవనీ.

మీరు పంపిన కాగితంలో వాళ్ళ తినే పద్ధతులు కూడా ఉన్నాయి. అందరి గిన్నెలూ నడుమ పెట్టుకుని తలా ఓ చెయ్యి వేస్తారట. గిన్నెలో మిగిలిన చారును రొట్టెతో తుడిచి తింటారట. చుట్టం చాలన్నా వినకుండా వడ్డిస్తారట. ఎర్ర రంగు గుడ్లు ఒకదానితో ఒకటి కొట్టుకుంటారట. గుడ్ల పని తప్ప మిగతావన్నీ మా ఇంట్లోనూ ఉన్నాయి. వాళ్ళు చేస్తే సంప్రదాయం, మేం చేస్తే మొరటుతనం. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే కదా.

వండుతాను. ఒక్కటే అడుగుతున్నాను. బోర్డు మీద మీ పేరు కింద చిన్నగానైనా "బోటి" అని రాయించండి. మూలకు రాసినా ఏమీ అనను.

ఇట్లు, సోయకూర తరుగుతూ
బుచ్చమ్మ

తా.క. వాళ్ళ నలభై రోజులు ఎప్పటితో అయిపోతాయో ఒకసారి చూడండి. మా పక్క కౌంటరు మార్తమ్మక్క శ్రమల దినాలని ఉత్త గంజి తాగుతోంది. ఈస్టరు ఇరవై నాలుగున అంటోంది. మీ వారోత్సవం పద్దెనిమిదిన కదా మరి?

&nbsp;

ఫుడ్ కోర్టు ఆఫీసు, 27-4-2011

బుచ్చమ్మ గారికి,

నమస్కారమండి. మీ తా.క. నేను సరిగా చదవలేదు. దాని ఫలితం అనుభవించాను. గ్రీకు వారోత్సవంలో గ్రీకులు తప్ప అందరూ తిన్నారు. వాళ్ళు మాత్రం వారమంతా ఉపవాసమే. మన దక్షిణాది కౌంటరులో ఉడికించిన శనగలు, నూనె లేని ఇడ్లీ తిని, ఇక్కడి గ్రీకు వంటలు చూస్తూ కూర్చున్నారు. వైస్ ప్రెసిడెంటు గారు నన్ను పిలిచి ఏమన్నారో ఇక్కడ రాయను. రాస్తే మీకూ తెలుగు మీద విరక్తి పుడుతుంది.

ఈస్టరు మర్నాడు, సోమవారం మధ్యాహ్నం, మిమ్మల్నీ నన్నూ కలిపి కాపాడింది ఆ ఓడల కంపెనీ పెద్ద స్పిరోస్ గారే. మీ మాగిరిత్స రెండుసార్లు పెట్టించుకుని, గిన్నె రొట్టెతో తుడిచి తిన్నారు. "సాక్షాత్తూ గ్రీకు అతిథి ధ్రువీకరించిన అసలైన గ్రీకు రుచి" అని రిపోర్టులో రాశాను. పైవాళ్ళు ఉబ్బిపోయారు. ఇకపై నాలుగో కౌంటరు శాశ్వతంగా "గ్రీక్ కిచెన్". మీకు నీలం తెలుపు చారల ఏప్రన్లు వస్తున్నాయి. తప్పకుండా కట్టుకోండి.

"బోటి" అని మూలకు రాయించడం కుదరదండి. ధ్రువీకరణ పోతుంది.

అభినందనలతో,
సీతారామాంజనేయులు

తా.క. నీలం చొక్కా ఆయన ఇప్పుడు గోడ వైపు తిరగడం లేదు. నడుమ టేబులు దగ్గర కూర్చుని, అందరికీ గ్రీకు నాగరికత గురించి చెబుతూ తింటున్నాడు.

&nbsp;

నాలుగో కౌంటరు, 29-4-2011

మేనేజరు సారుకు,

దండాలు. స్పిరోస్ సారు అన్న మాట మీ రిపోర్టులో లేదు. ఆరో అంతస్తులో పనిచేసే జాస్మిన్ పక్కనే నిలబడి ఆయన ఇంగ్లీషును మాట మాట నాకు తెలుగులో చెప్పింది. ఆయన ముందు ఒక చెంచా తిని, తల అడ్డంగా ఊపాడు. "ఇది మాది కాదు. మా దానిలో ఇంత కారం ఉండదు, పుల్లటి గుడ్డు ఉంటుంది. అమ్మా, ఇది మీది. దీని పేరేమిటి?" అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది సార్. ఈ బిల్డింగులో ఆ మాట నన్ను అడిగినవాడు ఆయనొక్కడే. "బోటి" అన్నాను. "బోతి, బోతి" అని రెండుసార్లు పలికి, ఇంకో గిన్నె పెట్టించుకున్నాడు.

గ్రీకువాడే కాదంటే, మీరు ఔనని రాశారు. ఇప్పుడు నన్ను ఏప్రన్ కట్టుకోమంటున్నారు. కట్టుకుంటాను. రోజూ గిన్నె ఖాళీ అవుతోంది, ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. కానీ ఎవరైనా వచ్చి "వన్ మాగిరిత్స" అన్నప్పుడల్లా లోపల్లోపల "బోటి" అనుకునే గిన్నె నింపుతున్నాను.

ఇట్లు, మీ లెక్కలో గ్రీకు మనిషి
బుచ్చమ్మ

తా.క. ఆ ఏప్రన్ గుండె మీద ఇంగ్లీషులో "గ్రీక్ కిచెన్" అని, దాని కింద ఏవో గ్రీకు అక్షరాలు ఉన్నాయి. జాస్మిన్‌ను చదవమంటే తనకూ రాలేదంది. తిట్టు కాకపోతే చాలు.

&nbsp;

ఫుడ్ కోర్టు ఆఫీసు, 21-6-2011

బుచ్చమ్మ గారికి,

ఆదివారం తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పు జరిగిందని, సెలవు రోజు కాబట్టి మీరు వెళ్ళారని నాకు తెలుసు. వెళ్ళడం మీ ఇష్టం, నేను కాదనను. కానీ ఏప్రన్ కట్టుకుని ఎందుకు వెళ్ళారండీ?

నిన్నటి పేపరు చూశారా? రోడ్డు మధ్యలో మూడు రాళ్ళ పొయ్యి, కుండ, గరిటె, నీలం తెలుపు చారల్లో మీరు. కింద ఏం వేశారో చూడండి: "ఉద్యమానికి విదేశీ మద్దతు. వంటావార్పులో బోటి వండుతున్న గ్రీసు దేశం పుప్పాలగూడకు చెందిన బుచ్చమ్మ."

పొద్దున్నించీ ఫోన్లు. విదేశీయులను ఉద్యమంలోకి దించింది ఎవరని ఒకరు, వీసా కాగితాలు చూపమని ఒకరు. ఓడల కంపెనీ వాళ్ళు పుప్పాలగూడ గ్రీసులో ఏ దీవి అని అడిగారు. వెంటనే సంజాయిషీ రాసివ్వండి.

కంగారులో,
సీతారామాంజనేయులు

తా.క. రాష్ట్రం వస్తే మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారేమోనని మా ఆవిడ పెట్టెలు సర్దింది. ఆవకాయ జాడీ పెట్టెలో పట్టక ఇంకా బయటే ఉంది. మీకేమైనా తెలిస్తే చెప్పండి.

&nbsp;

నాలుగో కౌంటరు, 22-6-2011

మేనేజరు సారుకు,

సంజాయిషీ రాయునది ఏమనగా, నాకున్న కొత్త బట్ట అదొక్కటే. కూర మరకలు పడతాయని పైన కట్టుకున్నాను. పేపరు అబ్బాయి వచ్చి "ఏ వూరు?" అంటే "పుప్పాలగూడ" అన్నాను. అందులో అబద్ధం లేదు. గ్రీసు సంగతి నా గుండె మీద మీరు అచ్చు వేయించిందే.

ఆ రోజు రోడ్డు మీద పేరు దాచకుండా వండాను సార్. జనం వరసగా కూర్చుని "ఓ అక్కా, జర బోటి ఎయ్యి" అని అడిగారు. ఆ మాట వినడానికే ఈ రాష్ట్రం రావాలనిపించింది. వస్తే మా భాషకు, మా పండగకు, మా కూరకు మర్యాద వస్తుందని అందరూ అంటున్నారు. నేను నమ్ముతున్నాను.

ఇట్లు, ఏ దీవిదీ కాని
బుచ్చమ్మ

తా.క. అమ్మగారిని పెట్టెలు విప్పుకోమనండి. మీరు పోతే నాకు నోటీసులెవరు రాస్తారు? ఆవకాయ మాత్రం కొంచెం బయటే ఉంచండి, రొట్టెలోకి పనికొస్తుంది.

&nbsp;

నాలుగో కౌంటరు, 20-5-2014

మేనేజరు సారుకు,

దండాలు. మనం రాసుకుని మూడేళ్ళు కావస్తోంది. ఫిర్యాదుల్లేక రాయలేదు. మూడేళ్ళూ మాగిరిత్స అమ్మాను. ఒక్కరోజు మిగల్లేదు.

జూన్ రెండున తెలంగాణ వస్తోంది. మన బిల్డింగులో తెలంగాణ వంటల పండగ పెడుతున్నారని గేటు దగ్గర రాశారు. చూడగానే కళ్ళు తుడుచుకున్నాను. ఆ పండగకు బోటి నేను వండుతాను. ఏప్రన్ విప్పేస్తాను. సుద్దముక్క మళ్ళీ కొన్నాను.

ఇట్లు, తొందరలో
బుచ్చమ్మ

తా.క. మా ఆయన బోర్డు తుడుస్తున్నాడు. "గిప్పుడన్న పెద్దగ రాయి, దూరంకెల్లి కనవడాలె" అంటున్నాడు.

&nbsp;

ఫుడ్ కోర్టు ఆఫీసు, 26-5-2014

బుచ్చమ్మ గారికి,

నమస్కారమండి. ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఆగాను. తెలంగాణ వంటల పండగను ముంబయి నుంచి వచ్చే ఒక ఈవెంట్ కంపెనీకి ఇచ్చారు. మీ కోసం అడిగాను, నిజంగా అడిగాను. "ఆవిడ గ్రీకు వంటమనిషి కదా, తెలంగాణ వంట ఆవిడకెలా వస్తుంది? మాకు అసలైనది కావాలి" అన్నారు. మీరు పుప్పాలగూడ వారని చెప్పాను. రికార్డులో అలా లేదన్నారు. ఆ రికార్డు రాసింది నేనే.

ఇంకో మాట. ఆ ముంబయి వాళ్ళకు బోటి కడగడం రాదట. మీరు మీ ఇంటి దగ్గర వండి, వెనక గేటు నుంచి పంపితే వాళ్ళ కౌంటరులో పెట్టుకుంటామంటున్నారు. మీ పేరు ఉండదు. బోర్డు మీద "బోటి" అని మాత్రం ఉంటుంది. ఆ మాట నేను గట్టిగా పట్టుబట్టి ఒప్పించాను.

సిగ్గుపడుతూ,
సీతారామాంజనేయులు

తా.క. వాళ్ళు బోర్డు మీద మొదట "రస్టిక్ లాంబ్" అని రాశారు. నేనే కొట్టించాను. ఉద్యోగంలో చేరాక నేను చేసిన మంచి పని ఇదొక్కటేనేమో.

&nbsp;

నాలుగో కౌంటరు, 27-5-2014

మేనేజరు సారుకు,

దండాలు. పంపుతాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంది. అయినా పంపుతాను. వండింది ఎవరన్నది పోనీ, కూరకైనా దాని పేరు దానికొస్తుంది కదా. నాకు అది చాలు. చాలు అని రాస్తున్నాను గానీ, చాల్లేదు సార్.

ఇట్లు, వెనక గేటు
బుచ్చమ్మ

తా.క. వాళ్ళ చెఫ్ ఫోన్ చేసి, బోటిలో క్రీము వేయాలా అని అడిగాడు. మీ అమ్మను అడుగు నాయనా అన్నాను.

&nbsp;

ఫుడ్ కోర్టు ఆఫీసు, 5-6-2014

బుచ్చమ్మ గారికి,

నమస్కారమండి. మీరు పంపిన బోటి తెలంగాణ కౌంటరులో మూడు రోజులుగా పెట్టారు. బోర్డు మీద పెద్దగా రాశారు, నేను చూశాను. కానీ నిన్న ఫిర్యాదు వచ్చింది. తొమ్మిదో అంతస్తు నుంచి, నీలం చొక్కా ఆయన నాయకత్వంలో. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"తెలంగాణ బోటి పేరుతో అమ్ముతున్నది అచ్చం గ్రీకు మాగిరిత్స. మేం మూడేళ్ళుగా రోజూ తింటున్నాం, ఆ రుచి మాకు తెలుసు. ఒక ప్రాచీన నాగరికత వంటకాన్ని దొంగిలించి తెలంగాణ పేరు పెట్టడం కొత్త రాష్ట్రానికే అవమానం."

ముంబయి వాళ్ళు భయపడి బోర్డు తీసేశారు. ఇప్పుడు పైవాళ్ళు మీ వాంగ్మూలం అడుగుతున్నారు. అది మాగిరిత్సేనని, అది గ్రీకు వంటకమేనని మీరు సంతకం పెడితే గ్రీక్ కిచెన్ మీదే, ఒప్పందం ఇంకా పొడిగిస్తారు. అది బోటి అని రాస్తే, మూడేళ్ళుగా గ్రీకు పేరుతో మోసం చేసినట్టవుతుంది, కౌంటరు ఆ రోజే పోతుంది. నా ఉద్యోగం సంగతి ఆలోచించకండి. నేను తెనాలి పోయినా బతుకుతాను. మీరు ఏం రాసినా నేను తలవంచుకుని తీసుకుంటాను.

సీతారామాంజనేయులు

తా.క. నేను రాత్రి మొదటిసారి మీ కూర రుచి చూశాను. ముక్క ముట్టుకోలేదు, చారు మాత్రం నాలిక మీద వేసుకున్నాను. మా ఆవిడకు చెప్పకండి. ఇన్నేళ్ళూ దేనిని కాదన్నానో తెలిసిందండి.

&nbsp;

నాలుగో కౌంటరు, 6-6-2014

మేనేజరు సారుకు,

దండాలు. మీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. ఈసారి నవ్వలేదు. "నీ ఇష్టమే. నాకైతే కాయనీకె గొర్రెల్లేవు, నీకైతే ఈ పొయ్యి ఒక్కటే ఉన్నది" అన్నాడు. అటు తిరిగి పేగు కడగడం మొదలుపెట్టాడు.

రాష్ట్రం వచ్చింది సార్. నేనూ రోడ్డు మీద వండి తెచ్చుకున్న రాష్ట్రమే. వచ్చిన నాలుగు రోజులకే నేను ఏం సంతకం పెడుతున్నానో చూడండి. రాజును అడగలేను, రాష్ట్రాన్ని అడగలేను. మీకే రాస్తున్నాను, ఎందుకంటే ఈ బిల్డింగులో తెలుగు చదివేది మీరొక్కరే. నాకు కోపంగా ఉంది. మీ మీద కాదు. నాకు నచ్చిన కూరను నాది కాదని చెప్పేటంత అవసరం నాకున్నందుకు.

వాంగ్మూలం:

పుప్పాలగూడ వాస్తవ్యురాలు బుచ్చమ్మ అను నేను రాసి ఇచ్చునది ఏమనగా, నాలుగో కౌంటరులో నేను వండేది మాగిరిత్స. అది గ్రీకు దేశపు వంటకం. బోటి అనే పదార్థానికీ నాకూ ఎలాంటి సంబంధం లేదు.

సంతకం: బుచ్చమ్మ

తా.క. ఇవాళ మధ్యాహ్నం వరస లిఫ్టు దాకా ఉంది. తెలంగాణ కౌంటరు మానేసి అందరూ నా దగ్గరికే వచ్చారు. ముందు నిలబడ్డ పిల్ల మా ఊరిదే, లింగయ్య మనవరాలు. "ఆంటీ, అక్కడ నకిలీది పెడుతున్రు, మీదే ఒరిజినల్ అంట కదా" అన్నది. అవును బిడ్డా అని, గిన్నె నిండా పోశాను.